రీటచ్ లేని ఒక్క ఫోటో

నా అసలు మొహం ఎలా ఉంటుందో నలభై దాటాక గానీ నాకు తెలియలేదు. మొన్న పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి నన్ను కెమెరా ముందు కూర్చోబెట్టింది. నేనింకా కాలరు సర్దుకుంటూ ఉండగానే క్లిక్‌మనిపించి, "అయిపోయింది సార్" అంది. తెరమీద చూసుకున్నాను. బుగ్గలు జారి, ముక్కు ఓ పక్కకు తిరిగి, ఆఖరి బస్సు తప్పిపోయినవాడిలా ఉన్న ఆ మనిషి ఎవరో కాసేపు పోల్చుకోలేకపోయాను. "ఇది నేనేనామ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి ఆధార్ కార్డు చూసి, నన్ను చూసి, "మీరే సార్" అంది జాలిగా.

అప్పుడు భాయ్ గుర్తొచ్చాడు. భాయ్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన బతికుండగా నా మొహానికి ఇంత అన్యాయం ఎప్పుడూ జరగలేదు.

ఆయనకో పేరు ఉండేది. స్టూడియో బోర్డు మీద రాసి కూడా ఉండేది. కానీ అమీర్‌పేటలో ఆ పేరు పలికినవాణ్ణి నేను చూడలేదు. అందరికీ భాయే. నిలువెల్లా కోచింగ్ సెంటర్లు నిండిన మేడ ఒకటి, ఆ మేడ మెట్ల కింద ఆయన స్టూడియో. పై అంతస్తులో రేకుల గదిలో నేను. ఏలూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజనీరునైపోదామని వచ్చి, ఒక కోర్సు అయ్యేసరికి దాని గిరాకీ పడిపోయి, ఇంకో కోర్సులో చేరి, అదయ్యేసరికి అదీ పడిపోయి, మొత్తానికి నేను నేర్చుకున్న ప్రతి విద్యకూ నేనే అపశకునమైపోయాను. మా గదివాళ్లు నేనేది నేర్చుకుంటున్నానో కనుక్కుని మరీ అందులో చేరడం మానేసేవారు.

భాయ్ స్టూడియోలో మేకుకి ఒక నల్లకోటు వేలాడేది. బయోడేటాకి ఫోటో కావాల్సిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆ కోటులో దూరినవాడే. బక్కవాడైతే వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాడు, లావువాడైతే వెనక కుట్టు విప్పేసేవాడు. ముందునుంచి చూస్తే మేనేజరు, వెనకనుంచి చూస్తే దండెం మీద ఆరేసిన దుప్పటి. ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీల్లో ఉన్న ఎంతమంది ఆ ఒక్క కోటులోంచి వెళ్లారో తలుచుకుంటే నవ్వొస్తుంది. నేను మాత్రం అందులోకి పదేపదే దూరి, పదేపదే బయటికొచ్చాను.

"కండ్లు పెద్దగ తెరువు తమ్మీ. నిద్రపోతున్నోనికి నౌకరి ఎవడిస్తడు?" అనేవాడు.

నేను కొంచెం నవ్వు మొహం పెడితే, "నవ్వద్దు. నౌకరి వచ్చినంక నవ్వు. అప్పుడు ఫోటోకు నువ్వు నాతాన రావు, గది నాకెర్కే" అనేవాడు.

అసలు పని ఫోటో తీశాక మొదలయ్యేది. భాయ్ చిన్నప్పుడు ఆబిడ్స్‌లో ఎవరి దగ్గరో పెన్సిలుతో నెగటివ్‌ల మీద మచ్చలు తుడవడం నేర్చుకున్నాడట. కంప్యూటర్లొచ్చాక ఆ పెన్సిలు పోయి మౌస్ వచ్చింది, చేతివాటం మాత్రం అదే. ఎవరైనా సరే, మొటిమలు మాయం, బుగ్గలు నున్నన, ఒక చెవి పెద్దదైతే రెండోదానికి సమానం. నా పెళ్లిచూపులకు ఆయన చేసిన ఫోటో పట్టుకుని అమ్మాయి తరఫువాళ్లు మా ఇంటికొచ్చి, నేనే మంచినీళ్లందిస్తుంటే, "అబ్బాయిని పిలవండి" అన్నారు. ఆ సంబంధం అక్కడితో ఆగింది. వచ్చి భాయ్‌తో మొరపెట్టుకుంటే ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు.

"కెమెరా అంటె మర్యాద తెల్వని జానవర్. చూసింది చూసినట్టు చెప్పేస్తది. మంచి మనిషి అట్ల చెప్తడా తమ్మీ?"

ఆయనకి కొన్ని భంగిమలుండేవి. కుర్చీలో కూర్చుని గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని మాట్లాడేవాడు, తల బరువైపోయినట్టు. చూడటానికి పెద్ద ఆలోచనాపరుడిలా ఉండేది. నేను ముచ్చటపడి అద్దం ముందు ప్రాక్టీసు చేసి, ఒక ఇంటర్వ్యూలో అలాగే కూర్చున్నాను. "ఒంట్లో బాగోలేదా?" అని అడిగి పంపేశారు. ఇంకోటి, కెమెరాలోకి చూసేటప్పుడు చూపుడువేలితో కనురెప్పని పైకెత్తి పట్టుకునేవాడు. ఉదయం పూట అవసరముండేది కాదు. సాయంత్రమయ్యేసరికి కుడిరెప్ప సగం దుకాణం మూసేది, దానివెంట ఎడమది. మాట కూడా అంతే. పొద్దున గంటలా మోగే గొంతు పొద్దువాలేసరికి ముక్కులోంచి వచ్చేది. చాయ్ తాగితే పొలమారేది. మేమందరం అది జర్దా వల్ల వచ్చిన మత్తు అనుకున్నాం. జర్దా మానెయ్యమని గంటసేపు ఉపన్యాసమిచ్చాను. అంతా విని, తనకసలు జర్దా అలవాటే లేదన్నాడు.

అలా ఉండగా ఫోటోలు పాడవడం మొదలైంది. ఒకడికి కన్ను నుదుటివైపు జరిగింది. ఇంకో అమ్మాయికి పెదవి మీద పెదవి వచ్చింది. భాయ్ నన్ను పిలిచాడు. "తమ్మీ, నువ్వు కంప్యూటర్ సద్వినోనివి గద. డబ్బాల ఏదో వైరస్ పడ్డది. ప్రతొక్కటి రెండు రెండు కనపడ్తున్నది."

ఒక పిచ్చి ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది, తెరమీద ఒక్కటేనా, గోడమీద గడియారం కూడా రెండుగా కనిపిస్తోందా అని. అలాంటి తేలిక ప్రశ్నలు నాబోటి నిపుణులకు తట్టవు. డబ్బాని ఫార్మాట్ చేశాను. పోలేదు. లోపలి డిస్‌ప్లే కార్డు మార్పించాను. పోలేదు. చివరికి కొత్త మానిటర్ కొనిపించాను. ఆ మానిటర్ ముందు భాయ్ ఒక కన్ను చేత్తో మూసుకుని, "ఆఁ, ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. నేను గర్వంగా మెట్లెక్కి పైకి పోయాను. భాయ్ జబ్బుకి జరిగిన మొదటి వైద్యం అదే.

రెండో వైద్యం భాభీ చేసింది. భాభీ అంటే భాయ్ భార్య, మధ్యాహ్నం భోజనం డబ్బా తెచ్చి, ఆయన తినేదాకా ఎదురుగా కూర్చుని వెళ్లే మనిషి. వాళ్లకి పిల్లల్లేరు. ఒకరోజు రోటీ నములుతూ నములుతూ భాయ్ దవడ ఆగిపోయింది. చేత్తో దవడని కిందకీ మీదకీ కదిపి నమలబోయాడు. భాభీ డబ్బా మూతపెట్టి, "లేవు, దవాఖానకు పోదాం" అంది. నావైపు తిరిగి, "భయ్యా, నువ్వు సుత రా. అంగ్రేజీల చెప్తే మాకు సమజ్ గాదు" అంది. నాకు ఇంగ్లీషొచ్చని నమ్మిన వ్యక్తి హైదరాబాద్ మొత్తంలో ఆవిడొక్కతే. కాదనలేకపోయాను.

పంజాగుట్ట వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఆవిడ భాయ్‌ని పైకి చూస్తూ ఉండమంది. చూస్తుండగానే రెప్పలు మెల్లగా దిగిపోయాయి.

"ఇలా ఎప్పటినుంచి?"

"మొన్నటి సంది మేడం" అన్నాడు భాయ్.

"రెండేండ్లయితది" అంది భాభీ.

"గామెకు మతిమరుపు మేడం."

డాక్టరమ్మ ఇద్దర్నీ చూసి, "పాత ఫోటోలుంటే తీసుకురండి. రెప్ప ఎప్పుడు వాలడం మొదలైందో ఫోటోల్లో తెలిసిపోతుంది. మేము మామూలుగా అడుగుతాం" అంది.

భాయ్ మొహం వెలిగిపోయింది. "ఫోటోలకేం కమ్మి మేడం. మాది ఫోటో దుకాణమే."

మర్నాడు సంచి నిండా తెచ్చాడు. డాక్టరమ్మ ఒక్కొక్కటీ బల్లమీద పేర్చింది. పెళ్లినాటిది, స్టూడియో తెరిచినప్పటిది, నిరుటిది, మొన్న రంజాన్‌కి తీసుకున్నది. అన్నింట్లోనూ రెండు కళ్లూ కలువల్లా విచ్చుకుని, బుగ్గలు నిగనిగలాడుతూ, జుట్టు నల్లగా. ఆవిడ చాలాసేపు చూసి అంది:

"వీటి ప్రకారం మీకే జబ్బూ లేదండీ. పైగా ఏటేటా వయసు తగ్గుతోంది."

నాకు విషయం అప్పటికి వెలిగింది. భాయ్ తన ఫోటోలు కూడా రీటచ్ చేసుకున్నాడు. రెప్ప వాలిన ప్రతిసారీ మౌస్‌తో ఎత్తి నిలబెట్టాడు. జబ్బు ఎప్పుడు మొదలైందో సాక్ష్యమంతా స్వహస్తాలతో తుడిచేసుకున్నాడు. నేను అది డాక్టరమ్మకి చెప్తుంటే భాయ్ నేలచూపులు చూశాడు. ఆయన సిగ్గుపడటం నేను చూసింది అదొక్కసారే.

భాభీ బుర్ఖా లోపలి పర్సులోంచి భాయ్ ఓటరు కార్డు తీసి బల్లమీద పెట్టింది. భాయ్ చెయ్యి పడని ఫోటో ఆయన జీవితంలో అదొక్కటే. స్కూల్లో క్యూలో నిలబెట్టి సర్కారువాళ్లు తీసింది. దాన్ని చూసినప్పుడల్లా భాయ్ తిట్టేవాడు, గాళ్లకు లైటింగ్ తెల్వదు, దొంగలెక్క తీసిన్రు అని. అందులో కుడిరెప్ప సగానికి వాలి ఉంది, స్పష్టంగా. కార్డు మీది సంవత్సరం చూసి డాక్టరమ్మ తలాడించింది. భాభీ చెప్పిన రెండేళ్లు కూడా తక్కువే.

ఆ రోజే ఏదో ఇంజక్షనిచ్చారు. కాసేపటికి, మా కళ్లముందే, భాయ్ రెప్పలు రెండూ తెర లేచినట్టు లేచాయి. గొంతు తేటపడింది. ఆయన గదంతా చూసి, భాభీని చూసి, చివరికి నన్ను పరీక్షగా చూశాడు.

"తమ్మీ, నీ మొహం మీద గిన్ని మొటిమలున్నయా? ఇన్ని దినాలు నీకు తక్కువ పని చేసిన."

అంతవరకూ నవ్వుకున్నాం. తర్వాత ఛాతీకి స్కానింగ్ తీశారు. గుండెకు ముందు, రొమ్ముఎముక వెనక ఒక నీడ. థైమస్ అనే గ్రంథిలో గడ్డ ఉందనీ, కండరాలు ఊరికే అలిసిపోయే ఈ జబ్బు అక్కడినుంచే వస్తోందనీ, రొమ్ముఎముక కోసి గడ్డ తీసెయ్యాలనీ డాక్టరమ్మ చెప్పింది. భాయ్ ఆ ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకి పట్టుకుని, నెగటివ్ చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"గిది గడ్డ కాదు మేడం. ఫిల్మ్ కడిగే ఫిక్సర్ మందు మచ్చ. కడుగుడు సక్కగ లేదు. నా జిందగీల గిసువంటివి ఎన్ని చూసిన."

ఇంకోచోట తీయించుకొస్తానన్నాడు. తీయించాడు. మచ్చ అక్కడా ఉంది, అదేచోట, అదే సైజులో. "గీడ సుత కడుగుడు రాదు" అన్నాడు. ఫిల్మ్‌ని సంచిలో పెట్టి, కోటు వెనక దాచేసి, స్టూడియో తెరుచుకున్నాడు. మాత్రలతో రెప్పలు నిలబడుతున్నాయి కదా, చాలన్నాడు. రోజులు వారాలయ్యాయి. ఆలస్యమైతే ఊపిరి కండరాలకి పాకుతుందని డాక్టరమ్మ చెప్పిన మాట భాభీ నాకు రోజూ గుర్తుచేసేది, నేనేదో ఆపితే ఆగేదైనట్టు.

ఆయనకి చెప్పాల్సిన బాధ్యత నాదేనని తీర్మానించుకున్నాను. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆ జబ్బు గురించి దొరికిందల్లా ప్రింటు తీయించాను. సగం నాకు అర్థం కాలేదు, అర్థమైన సగం తప్పు. కట్ట పట్టుకుని స్టూడియోకి దిగాను. మొదటి పేజీ చదువుతుంటేనే భాయ్ ఆవులించాడు. కాగితాలు పక్కన పడేసి నోటికొచ్చింది చెప్పాను.

"భాయ్, థైమస్ అంటే మన అమీర్‌పేటే. ఒంట్లో కాపలా కాసే సిపాయిలుంటారు కదా, వాళ్లకి కోచింగ్ ఇచ్చేది అక్కడే. ఎవరు మనవాళ్లో, ఎవరు పగవాళ్లో నేర్పించి బయటికి పంపుతుంది. నీ ఒంట్లో ఆ సెంటర్ చెడిపోయింది. తప్పుడు పాఠం చెప్తోంది. వాళ్లు సర్టిఫికెట్ పట్టుకుని బయటికొచ్చి నీ కండరాల మీదే పడుతున్నారు."

భాయ్ గడ్డం కింద చెయ్యి తీసి నిటారుగా కూర్చున్నాడు. మేడ పైనున్న బోర్డుల వరుసని ఒకసారి చూశాడు. తప్పుడు కోచింగంటే ఏమిటో ఆయనకి వివరించనక్కర్లేదు. ఎదురుగా నేనున్నాను.

"అయితె గా సెంటర్ మూసేస్తె అయిపోతదా?"

"అయిపోతుంది భాయ్" అన్నాను. అంత గట్టిగా నేను ఏ ఇంటర్వ్యూలోనూ జవాబు చెప్పలేదు.

మర్నాడు పంజాగుట్టలో డాక్టరమ్మతో భాయ్ అన్నాడు, "సెంటర్ మూసెయ్యున్రి మేడం." ఆవిడకి నా పాఠమంతా విప్పి చెప్పాల్సొచ్చింది. విని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "చాలామందికి మేలవుతుంది. కానీ సెంటర్ మూసినా, ఇప్పటికే బయటికెళ్లిన బ్యాచులుంటాయి. వాటిమీద కన్నేసి ఉండాలి" అంది. ఆ రెండో వాక్యం మేమెవరం సరిగ్గా వినలేదు. భాయ్ అప్పటికే కోటు ఎవరికి అప్పజెప్పాలో ఆలోచిస్తున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మొత్తం తీసేశామన్నారు. కొన్ని నెలలు భాయ్ మళ్లీ పాత భాయే. సాయంత్రం కూడా రెండు కళ్లూ తెరిచి, రోటీ చప్పుడు చేస్తూ నమిలి, ఫోటోల్లో ఒక్క కన్నూ జారకుండా పని చేశాడు. ఆ రోజుల్లో తీసిన ఫోటోతోనే నాకు ఉద్యోగం వచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు వెతకడం. పుట్టుకతో వచ్చిన విద్యకి జీతమిస్తామంటే వద్దంటానా.

ఆ తర్వాత భాయ్ భుజాలు నొప్పులన్నాడు. కెమెరా కంటిదాకా ఎత్తలేకపోయాడు. నా గదికని పది మెట్లెక్కేసరికే ఆయాసం. ఛాతీలో ఏదో గెంతుతోందనీ, గెంతడం మధ్యలో మర్చిపోతోందనీ చెప్పాడు. నేను ధైర్యం చెప్పాను. గడ్డే లేనప్పుడు జబ్బెక్కడిది, ఇది గ్యాస్, వాము నమలమన్నాను. పాపం నమిలాడు. భాభీ మాత్రం వాము డబ్బా చేతిలోంచి లాక్కుని ఆటో పిలిచింది.

ఈసారి డాక్టరమ్మ పక్కన గుండె డాక్టరు కూడా ఉన్నాడు. మానిటర్ మీద గీత ఒకచోట పరిగెత్తి, ఒకచోట కాళ్లు చాపేస్తోంది. "కండరాల మీద పడ్డవే గుండె మీద కూడా పడ్డాయి" అంది డాక్టరమ్మ. "ఈ గడ్డ ఉన్నవాళ్లలో అరుదుగా ఇలా అవుతుంది. గడ్డ తీసేశాక కూడా. గుండె కూడా కండరమే కదా."

గుండె కూడా కండరమే. ఆ కట్టెడు ప్రింట్లలో నేను చదవని మాట అదొక్కటే అనుకుంటాను. నాకు గుండె అంటే పాటల్లో పగిలేది, మా బాబాయికి ఎడంచేతి నొప్పిగా వచ్చేది. అది కూడా భుజంలా, రెప్పలా, దవడలా అలిసిపోగలదని, దానిమీద కూడా మనవాళ్లే దాడి చెయ్యగలరని నాకు తోచలేదు. తోచి ఉంటే మాత్రం ఏం చేసేవాణ్ణి? ఇంకో మానిటర్ కొనిపించేవాణ్ణి.

స్టెరాయిడ్లు పెట్టారు. రక్తంలోంచి ప్లాస్మా అనే నీరు తీసి కొత్తది ఎక్కించారు. గుండె ఆగకుండా మెడ దగ్గర్నుంచి ఒక తీగ దింపారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, చెయ్యగలిగింది చేస్తున్నామనీ, గుండె అందుకోవడం లేదనీ, భాభీకి మెల్లగా చెప్పమనీ అంది. ముందు లోపలికెళ్లి ఒకసారి చూసి రమ్మంది.

మధ్యాహ్నం చూడనిచ్చే వేళ. భాయ్ దిండుకి ఆనుకుని ఉన్నాడు. రెప్పలు రెండూ సగానికి దిగి ఉన్నాయి. ముక్కుకి ఆక్సిజన్. నేను వెళ్లగానే మాట్లాడటం మొదలుపెట్టాను. గీత నిన్నటికన్నా బాగుందని, కొత్త మందులొచ్చాయని, బెంగుళూరులో ఎవరికో ఇలాగే వచ్చి తగ్గిందని. బెంగుళూరు ఎందుకొచ్చిందో నాకు తెలియదు. భాయ్ వేలితో ఒక రెప్ప పైకెత్తాడు. ఆ ఒక్క కంటితో నన్ను చూశాడు.

"తమ్మీ. నేను బతుకుతనా?"

"బతుకుతావు భాయ్."

ఆయన ఆ కన్ను నామీంచి తీయలేదు. గొంతు ముక్కులోంచి వస్తోంది. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

"అబద్ధం చెప్పినప్పుడు నీ ఎడమ కన్ను చిన్నగయితది. బయోడేటా ఫోటోలల్ల గదే సరిచేసుకుంట వచ్చిన. ఇన్నేండ్ల సంది. నాకు తెల్వదా."

మంచం పక్క రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"నీ మొహం గట్లనే మంచిగున్నది" అన్నాడు. "బయట ఆమెకు సుత గదే చెప్పు. బతుకుతడని. గాని నల్లద్దాలు పెట్టుకొని చెప్పు."

రెప్ప వదిలేశాడు. అది దిగిపోయింది. నర్సు వచ్చి టైమైందంది.

నా దగ్గర నల్లద్దాలు లేవు. మొహం కడుక్కుని బయటికొచ్చాను. భాభీ కిటికీ పక్క బెంచీ మీద డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ పక్కనే కూర్చుని, మొహం ఎదురుపడకుండా రోడ్డువైపు చూస్తూ చెప్పాను. "డాక్టర్లు ధైర్యంగా ఉన్నారు భాభీ. తగ్గుతుందంటున్నారు. బతుకుతాడు."

ఆవిడ కూడా నావైపు తిరగలేదు. డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టుకుంది.

"ఆయన అట్ల చెప్పుమన్నడా?" అంది.